అమ్మ పెళ్ళికి నా అభ్యంతరం

పోయిన ఆదివారం మా చర్చిలో ఎవరో కుర్రాడి పెళ్ళి ప్రకటన చదివారు. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు సంఘం ముందు చదివి, ఈ పెళ్ళి జరగకూడదనడానికి న్యాయమైన కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడగడం మా దగ్గర ఆనవాయితీ. అడగడమే గాని ఎవరూ ఏమీ చెప్పరు. పాస్టరుగారు రెండు క్షణాలు ఆగి, తరవాతి పాట నంబరు చెబుతారు. పోయిన ఆదివారం కూడా అంతే జరిగింది. కాకపోతే ఆ 'అభ్యంతరం' అన్న మాట దగ్గర, ముందు వరసల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు మెడలు తిప్పి నా వంక చూశారు. ఆ కుర్రాడెవరో నాకు తెలియదు. ఆ పిల్ల ఏలూరు పిల్లట, ఆమె ముఖం కూడా ఎరగను. నాకేం అభ్యంతరం ఉంటుంది? అయినా చూస్తారు. మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. మా చర్చి కట్టిన నాటి నుంచీ ఆ ప్రశ్నకి లేచి నిలబడి జవాబు చెప్పిన మనిషిని నేనొక్కదాన్నేనట. అదీ మా అమ్మ పెళ్ళికి.

అమ్మకి అప్పుడు అరవై ఏడు, నాకు నలభై ఎనిమిది. అమ్మ ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. నాన్న రైల్వేలో గూడ్సు గుమాస్తా. మంచివాడు, మహా మాటకారి. ఆయన మొదలుపెడితే ఇంటికొచ్చిన చుట్టాలు వచ్చిన పని మర్చిపోయి వెళ్ళిపోయేవాళ్ళు. నా నోరు నాన్నదేనని అందరూ అంటారు, నేను కాదనను. నాన్న పోయి అప్పటికి పదకొండేళ్ళు. పటమటలో రెండు గదుల ఫ్లాటులో అమ్మ ఒక్కతే ఉండేది. నేను ఒక్కతే కూతుర్ని, నాలుగు వీధుల అవతల కాపురం. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. కాలేజీ అయ్యాక రోజూ ఆరింటికి అమ్మ దగ్గరికి వెళ్ళడం, గంటసేపు పోట్లాడుకోవడం, ఏడింటికి ఇంటికొచ్చి బియ్యం కడగడం నా దినచర్య. మా పోట్లాటకి పెద్ద విషయాలు అక్కర్లేదు. గోంగూరలో ఉల్లిపాయ కలిపి పెట్టాలా, విడిగా నంచుకోవాలా? ఫ్యాను మూడు మీద ఉంచాలా, నాలుగు మీదా? మోకాళ్ళ నొప్పికి మెట్లెక్కడం మంచిదా, చెడ్డదా? అమ్మ రోగికి చెప్పినట్టు చెప్పేది, నేను క్లాసులో చెప్పినట్టు చెప్పేదాన్ని. ఇద్దరం ఏనాడూ ఒప్పుకోలేదు. ఆ గంట లేని రోజు నాకు పళ్ళు తోముకోనట్టుండేది.

ఆ ఆదివారం ఈస్టరు దాటి రెండు వారాలు. చర్చిలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా వీపుకి జాకెట్టు అంటుకుపోతోంది. నేనూ మావారూ ఎప్పటిలాగే వెనక నుంచి మూడో బెంచీలో ఉన్నాం. అమ్మ ముందు, పాటల బృందంలో కూర్చుంది. నాకు అందనంత దూరంలో అన్నమాట. పాస్టరుగారు చిన్నవాడు, మా సంఘానికి వచ్చి ఏడాదే అయింది. కాగితం తీసి, 'ఈ సంఘస్తురాలును, విశ్రాంత నర్సును అయిన' అంటూ అమ్మ పేరు చదివారు. ఏదో సన్మానం కాబోలనుకున్నాను. తరవాత ఒక మగమనిషి పేరు వచ్చింది. ఆయనకి కూడానేమో అనుకున్నాను. ఇద్దరికీ కలిపి చేస్తున్నది సన్మానం కాదని అర్థమయ్యేసరికి పాస్టరుగారు 'ఎవరికైనను అభ్యంతరమున్న యెడల' దాకా వచ్చేశారు. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నా గొంతు నాకే వినపడింది.

"అయ్యగారూ, నాకు అభ్యంతరం ఉందండి."

పాపం, ఆ ప్రశ్నకి జవాబొస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఎక్కడా నేర్పి ఉండరు. కళ్ళజోడు సవరించుకుని, "ఏమి అభ్యంతరమమ్మా?" అన్నారు.

"నాకు చెప్పలేదండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనకే చర్చి చర్చంతా నవ్వింది. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. నిజంగానే చేతిలో పుస్తకం తిప్పి, ఒక పేజీ వెతికి చూసి, "అది న్యాయమైన అభ్యంతరాల్లో లేదమ్మా. కూర్చోండి" అన్నారు. మావారు నా కొంగు పట్టుకుని కిందికి లాగారు. అమ్మ తల ఎత్తలేదు. థర్మామీటరు విదిలించి చూసుకునేటప్పటి ముఖంతో తరవాతి పాట వెతుక్కుంటోంది.

తిరిగొచ్చేటప్పుడు మావారిని స్కూటరు మీద పొమ్మని, నేను అమ్మతో ఆటో ఎక్కాను. సంగతి తేల్చుకోవాలి కదా.

"నాలుగు నెలల్నించీ చెబుదామనే చూస్తున్నానే," అంది అమ్మ. "క్రిస్మస్ అయ్యాక ఒకసారి 'నీతో ఒక మాట చెప్పాలే' అన్నా. 'మోకాలి సంగతేగా, నే చెబితే విన్నావా' అని గంటసేపు నా మోకాలి మీద ఉపన్యాసం ఇచ్చావు. ఇంకోసారి 'ఇట్టా ఒకాయన ఉన్నాడు' అన్నా. ఫ్లాటు అమ్మించే బ్రోకరనుకుని ఆయన్ని ఏడు తరాలు తిట్టిపోశావు. ఇంట్లో నువ్వు నన్ను నోరు తెరవనిచ్చిందెప్పుడు? చర్చిలో అయితే నోరు మూసుకుని వింటావు గదా అని అయ్యగారికి కాయితం ఇచ్చేశా. అక్కడ కూడా లేచావు గదే తల్లీ!"

నేను ఏమేమో అన్నాను. అన్నవన్నీ ఇక్కడ రాయను. బెంజ్ సర్కిల్ దగ్గర పచ్చలైటు పడినా మా ఆటో కదల్లేదు. ఆటో అతను వెనక్కి తిరిగి మరీ వింటున్నాడు. "పోనియ్ నాయనా, పెళ్ళి నాది, నీది కాదు" అంది అమ్మ అతనితో. తరవాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పింది. "నిన్ను కాదని చేసుకోను. మూడో ప్రకటనకి ఇంకా రెండు వారాలుంది. అప్పటికీ నీకు ఇష్టం లేకపోతే అయ్యగారితో చెప్పి ఆపించేస్తా. మళ్ళీ ఆ మాటే ఎత్తను."

రోగి బంధువులతో ఇంక మా చేతుల్లో లేదని చెప్పేటప్పుడు వాడే గొంతు అది. అంత మెత్తగా చెబితే ఎవరైనా ఎట్లా పోట్లాడతారు? ఇంతకంటే నాలుగు తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

అమ్మ చేసుకోబోయే ఆయన్ని నేను ఎరుగుదును. పేరుతో కాదు, బకెట్టుతో. ఏటా నవంబరులో సమాధుల పండక్కి అందరం వెళ్ళి మావాళ్ళ సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాం. నాన్న సమాధి పక్క వరసలో ఆయన భార్యది. ఆమె పుట్టిల్లు బెజవాడే, మా సంఘమే, అందుకని ఇక్కడే పెట్టారు. మేము ప్రతి ఏడూ పూలు తీసుకెళ్ళి, కుంచె మర్చిపోయేవాళ్ళం. ఎవరు మర్చిపోయారన్న దాని మీద అమ్మా నేనూ సమాధి దగ్గరే తగువు పడేవాళ్ళం. ఒక ఏడు ఆ పక్క వరసలోంచి ఒక పొడుగాటి మనిషి సున్నం బకెట్టూ కుంచే తెచ్చి మాట్లాడకుండా మా దగ్గర పెట్టి వెళ్ళాడు. ఆ మరుసటి ఏడు అడగకుండానే తెచ్చాడు. ఆ పై ఏడు మేం వెళ్ళేసరికే నాన్న సమాధి తెల్లగా మెరిసిపోతోంది. నేను 'సున్నం మరీ పల్చగా కలిపారు' అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. నేనన్న దానికి అమ్మ ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి. అప్పుడైనా నేను గమనించి ఉండాల్సింది.

మొదటి ప్రకటన అయిన వారంలో పిన్ని ఫోన్ చేసి, "ఈ వయసులో అక్కకి ఇదేం పిచ్చే, నలుగురూ నవ్వరూ?" అంది. నేను పిన్నిని దులిపి పారేశాను. మగవాడైతే ఏడాది తిరక్కుండా చేసుకుంటే లేని నవ్వు ఆడదానికెందుకని అరగంట వాయించాను. ఫోన్ పెట్టేశాక మావారు పేపరు లోంచి తలెత్తి, "అయితే నువ్వు ఒప్పుకున్నట్టేగా?" అన్నారు. లేదన్నాను. "మరి నీ అభ్యంతరమేంటి?" అన్నారు. ఉన్నాయి, రాసిస్తానన్నాను.

నిజంగానే రాశాను. రెండో ప్రకటనకి ముందు శనివారం, ఆరు అభ్యంతరాలు కాగితం మీద పెట్టుకుని మావారి స్కూటరు వెనక కూర్చుని అమ్మ కాపురానికి వెళ్ళబోయే పెళ్ళికొడుకు ఊరు బయల్దేరాను. ఉయ్యూరు దాటాక కాలవగట్టు మీద నాలుగు కిలోమీటర్లు. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా లాకుల దగ్గరే, తలుపులెత్తి దించి పడవలకీ పొలాలకీ నీళ్ళొదలడం. ఇల్లు చిన్నదే, శుభ్రంగా ఉంది. మావారు గుమ్మం దాకా వచ్చి, "నీకు ఎంతసేపు పడుతుందో చెబితే నేను రోడ్డు మీద చెరుకురసం తాగొస్తా" అని జారుకున్నారు.

ఆయన అరుగు మీద పీట వేసుకుని ములక్కాడలు కోస్తున్నారు. నన్ను చూసి కంగారు పడలేదు. చెయ్యి కడుక్కుని, టీ పెట్టి స్టీలు గ్లాసులో తెచ్చి ఇచ్చారు. పంచదార సరిగ్గా ఉంది, దాని మీద మాట్లాడటానికి ఏమీ లేకపోయింది. కాగితం తీసి చదివాను.

"అమ్మకి షుగరుంది. రాత్రీ పగలూ కనిపెట్టి ఉండాలి."

"నిజమేనమ్మా."

"ఇక్కడ దగ్గర్లో మంచి ఆస్పత్రి లేదు."

"లేదమ్మా. ఉయ్యూరు పోవాలి. పెద్దదంటే బెజవాడే."

"ఇక్కడి చర్చిలో పాటల బృందం లేదు. అమ్మ పాడకుండా ఉండలేదు."

"ఉన్నది నలుగురం. అందరివీ మోటు గొంతులే."

అట్లా ఆరూ చదివాను. ఆరింటికీ ఆయన నిజమేనన్నారు. గట్టిగా తలుపు తొయ్యబోతే అవతల గడియే లేనప్పుడు మనిషి ముందుకి పడిపోతుంది చూడండి, నా పని అట్లా అయింది. ఏడో అభ్యంతరం ఒకటుంది గాని అది కాగితం మీద రాయలేదు. అమ్మ ఇక్కడికొచ్చేస్తే నేను రోజూ ఎవరితో పోట్లాడాలి? దాన్ని ఒక పరాయి మగమనిషి ముందు ఎట్లా చదువుతాను?

మళ్ళీ ములక్కాడ చేతిలోకి తీసుకుని, ఆయనే అన్నారు. "నాకు తెలియనిది ఇంకొకటుందమ్మా. సాయంత్రం ఆరింటి నించి ఏడింటి దాకా ఆవిడకి పనుందంట, రోజూ. ఆ టైములో పలకరించొద్దు, టీవీ పెట్టొద్దు, టీ కూడా అడగొద్దని ముందే మాట తీసుకుంది. ఫోన్ చార్జింగు మటుకు నిండుగా ఉండాలంట. ఏం పనండీ అంటే చెప్పలేదు. ప్రార్థన గుంపేమో అనుకున్నా. మీకేమన్నా తెలుసా?"

నేను కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను. టీ చల్లారిపోయినా తాగాను.

"ప్రార్థనేనండి," అన్నాను.

మూడో ఆదివారం వచ్చింది. పాస్టరుగారు ప్రకటన చదివి, 'అభ్యంతరమున్న యెడల' దగ్గర ఆగారు. రెండు క్షణాలు కాదు, బాగానే ఆగారు. చర్చిలో ఒక్కరు కూడా ఆయన వంక చూడటం లేదు, అందరూ నా వంకే. పాటల బృందంలోంచి అమ్మ కూడా. మావారు నా కొంగు రెండు చుట్లు పిడికిలికి చుట్టుకుని కూర్చున్నారు. నేను బెంచీ మీద నుంచి అంగుళం కదల్లేదు. పాస్టరుగారు విడిచిన నిట్టూర్పు మైకులో పడి వీధి దాకా వినపడిందంటారు.

అంతటితో బుద్ధిగా ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పెళ్ళికి రెండు రోజుల ముందు వరస ఎట్లా నడుస్తుందో చెప్పడానికి పాస్టరుగారు పిలిచారు. మా వివాహ క్రమంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చి పెండ్లి చేసేదెవరు అని అడుగుతారు. పెళ్ళికూతుర్ని తీసుకొచ్చినవాళ్ళు 'నేను' అని చెప్పి, ఆమె చెయ్యి పాస్టరుగారికి అందించాలి. అమ్మని తీసుకురావలసింది నేనే. "ఇవ్వడానికి మా అమ్మేమన్నా స్టీలు బిందా అండీ?" అన్నాను. సమానత్వపు హక్కు మీద ఇంటర్ పిల్లలకి చెప్పే పాఠమంతా ఆయనకి ఒప్పజెప్పాను. ఆయన అప్పటికే నాతో అలిసిపోయి ఉన్నారు. "తప్పనిసరేం కాదమ్మా, వద్దంటే వదిలేద్దాం" అన్నారు.

"వదలొద్దు. ఉంచండి అయ్యగారూ," అంది అమ్మ.

బయటికొచ్చి మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుంది. "మొదటిసారి నా పెళ్ళిలో మా నాన్నని ఇదే అడిగారు. అయ్యగారు సగం అడగ్గానే 'నేను, నేను' అనేశాడు. గుడివాడ బస్సు దాటిపోద్దని ఆయన గోల. మీ నాన్నతో నా కాపురం బాగానే జరిగింది, అది కాదు. నన్నిచ్చేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తే బాగుండునని ఉంటది గదే."

మిగిలిన మెట్లు అమ్మ మోకాలికి సరిపడా ఒక్కొక్కటిగా దిగాను.

పెళ్ళి ఒక గురువారం పొద్దున పదిన్నరకి. మా పెళ్ళికూతుళ్ళు తెల్లచీర కడతారు. అమ్మ కట్టనంది. "ముప్పై నాలుగేళ్ళు డ్యూటీకి తెలుపే. పెళ్ళికి కూడానా? పేషెంట్లు గుర్తొస్తారు" అని వంకాయరంగు మంగళగిరి చీర కట్టుకుంది. జడలో మల్లెపూలు నేనే పెట్టాను. ఎక్కువైందని తనూ, చాలలేదని నేనూ తలుపు దగ్గర దాకా తగువులాడుకుంటూనే వచ్చాం. పాట మొదలయ్యేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం నడిచాం. మోకాలి వల్ల అమ్మ నడక నిదానం. నేను ఇంకా నిదానంగా నడిచాను. ఎదురుగా ఆయన తెల్లచొక్కా, కొత్త చెప్పులతో నిటారుగా నిలబడి ఉన్నారు.

అభ్యంతరాల ప్రశ్న పెళ్ళిలో కూడా ఒకసారి అడుగుతారు. అడిగారు. చర్చంతా ఊపిరి బిగబట్టింది. నేను పూలకుండీ వంక చూశాను. గండం గడిచింది. ఆ తరవాత పాస్టరుగారు నా వైపు తిరిగి, ఇచ్చేదెవరన్న ఆ రెండో ప్రశ్న అడిగారు.

ఒక్క మాట. రెండక్షరాలు. నేను నోరు తెరిచాను, మాట రాలేదు.

నలభై ఎనిమిదేళ్ళలో నాకెప్పుడూ అట్లా జరగలేదు. ప్రిన్సిపాల్ ముందు, పోలీసుల ముందు, అత్తగారి ముందు ఎక్కడా నా నోరు పెగలకపోవడమన్నది లేదు. కళ్ళ ముందు అన్నీ అలికినట్టయ్యాయి. నేను 'నేను' అన్నానంటే ఆరింటికి ఆ ఫ్లాటు తలుపు తీసేవాళ్ళుండరు. అనకపోతే, అమ్మ ఈ వంకాయరంగు చీర మడతపెట్టుకుని నాతో తిరిగొచ్చేస్తుంది, ఒక్క మాట కూడా అనకుండా. అది కూడా నాకు తెలుసు. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. మావారు సగం లేచారట. పాస్టరుగారి ముఖం పాలిపోయింది. ఆయన మళ్ళీ పుస్తకం తిప్పబోతున్నారు.

అమ్మ వేళ్ళు నా మణికట్టు మీదికి జరిగాయి. నాడి చూసేటప్పుడు పెట్టే చోటికి, సరిగ్గా అక్కడికి. నా ముఖం చూడలేదు, నేల వంక చూస్తూనే, నాకు మాత్రం వినపడేట్టు అంది. "నిదానంగా చెప్పు. నాకు బస్సేం లేదు."

నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే ఏడుపొచ్చింది. ఆ రెంటి మధ్యలోంచి ఎట్లాగో ఆ మాట బయటపడింది. "నేనేనండి" అన్నాను. కాకి గొంతులా ఉందని తరవాత అందరూ చెప్పారు. అమ్మ కుడిచెయ్యి తీసి పాస్టరుగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పెళ్ళికొడుకు చేతిలో పెట్టారు. అందుకునే ముందు ఆయన ఆ పెద్ద మోటు చెయ్యి తెల్లచొక్కాకి తుడుచుకోవడం నేను చూశాను. నాకు ఆ మనిషి మీద అప్పుడే మొదటిసారి ఇష్టం కలిగింది.

నేను ఎంతసేపు ఆగానన్నది ఇప్పటికీ తేలలేదు. పది సెకన్లంటాను నేను. ఒకటిన్నర నిమిషమంటారు మావారు. భోజనాల దగ్గర, బిరియానీ విస్తరి ముందు కూర్చుని, అమ్మ నా చెవిలో, "ఎంతసేపు ఆలోచించావే!" అంది. ముఖం వెలిగిపోతోంది. స్కూల్లో నాకు ఫస్టు ప్రైజు వచ్చిన రోజు కూడా అమ్మ ముఖం అట్లా లేదు.

రెండు గంటలకి వాళ్ళిద్దరూ కారెక్కారు. అమ్మ లోపల కూర్చుని చీర సర్దుకుంటోంది. నేను అవతలి వైపు వెళ్ళి, అద్దం దించమని, ఆయనకి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున్నే లేవగానే ఆవిడతో మాట్లాడకండి, టీ తాగాకే. మామిడిపండు దాచిపెట్టి తింటుంది, చూస్తుండండి. ముఖం ముడుచుకుంటే రెండు గంటలు వదిలెయ్యండి, తనే వస్తుంది. కొంచెం మొండిది, కాని మనసు మంచిది. ఆయన అన్నింటికీ "అట్టాగేనమ్మా" అంటున్నారు. ఇంక చాలు, వాళ్ళని వెళ్ళనివ్వమని మావారు నన్ను వెనక్కి లాగారు. కారు కదిలింది. వెనక అద్దంలోంచి ఆ మల్లెపూల జడ మలుపు దాకా కనిపించింది. చాలలేదని నేనన్నదే నిజం. ఆ మధ్యాహ్నం కాసేపు అమ్మకి ఇరవై ఏళ్ళు, నాకు అరవై ఏడు. ఆ తరవాత ఎవరి వయసు వాళ్ళకి తిరిగొచ్చేసిందనే అంటారు గాని, నాది మాత్రం పూర్తిగా రాలేదనే నా అనుమానం.